పాలలా తెల్లబడిన డ్రమ్ము

మా చెల్లెలి బత్తాయి తోటలో ఇరవై వరుసలు, వరుసకు ఇరవై చెట్లు. నాటినప్పుడు నాలుగు వందలు. పందొమ్మిది ఎండిపోయాయి కాబట్టి నేను చెప్పే వేసవి నాటికి మూడు వందల ఎనభై ఒకటి. ఎనిమిదేళ్ళ చెట్లు, నిండు కాపుకు వచ్చే వయసు. తోట పెద్దారవీడు దగ్గర, కొండ వైపు. నేనుండేది మార్కాపురంలో. బస్సు దిగాక పదిహేను నిమిషాల నడక, ఇప్పుడు నా మోకాళ్ళకు ఇరవై రెండు.

ఏప్రిల్‌లో ఒక గురువారం పొద్దున చెల్లెలు ఫోను చేసింది.

"అక్కా, సోమవారం కట్టె కొట్టేటోళ్ళు వస్తున్నారు. కింది సగం తోట తీసేస్తాడంట మీ మరిది."

"ఎందుకు?"

"బోరు పోయిందంట."

"పోయిందంటనా, పోయిందా?"

"నువ్వు రా" అని పెట్టేసింది.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు జూనియర్ కాలేజీ పిల్లలకు రసాయనశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించాను. ఎక్కువ భాగం ఉప్పుల పనే. కొన్ని ఉప్పులు నీళ్ళలో చెంచాలకు చెంచాలు కరుగుతాయి. కొన్ని చిటికెడు కరిగి, ఇంక మా వల్ల కాదని ఆగిపోతాయి. రెండు తేట ద్రావణాలు కలిపినప్పుడు ఆ రెండో రకం ఉప్పు పుడితే, నీళ్ళు మోయగలిగినంత మోసి మిగతాది వదిలేస్తాయి. అద్దంలా ఉన్న గొట్టం ఒక్కసారిగా తెల్లబడుతుంది. దాన్ని అవక్షేపం అంటారు. "మేడమ్, తెల్లటి అవక్షేపం వచ్చింది" అని పిల్లలు గొట్టం పట్టుకుని పరుగున వచ్చేవాళ్ళు. "వస్తే సరిపోదు, దాని పేరు చెప్పు" అనేదాన్ని. పేరు చెప్పకపోతే మార్కు లేదు.

ఉద్యోగం అయిపోయాక ఆ అలవాటు ఇంట్లోకి వచ్చింది. ఏడాదికొక నోటు పుస్తకం పెడతాను. గ్యాసు సిలిండర్ ఎన్ని రోజులు వచ్చింది, నీళ్ళ డబ్బా ఎన్ని రోజులు వచ్చింది, ఎవరింటికి ఏ రోజు వెళ్ళాను, అక్కడ ఏం చూశాను, అన్నీ అందులో ఉంటాయి. ఆ ఏటిదీ, అంతకు ముందు ఏటిదీ రెండు పుస్తకాలూ, వంటింటి ఎలక్ట్రానిక్ కాటా, రెండు చీరలు సంచిలో పెట్టుకుని శుక్రవారం మొదటి బస్సుకు బయలుదేరాను.

తోట గట్టెక్కగానే ఒక సంగతి కనపడింది. ఏ వరుస చూసినా మొదటి ఏడెనిమిది చెట్లు ముదురు పచ్చగా, నిండుగా ఉన్నాయి. కింది చివరికి వెళ్ళేకొద్దీ ఆకు ముడుచుకుపోయింది. ఇరవయ్యో చెట్టు కింద నేల పొడిగా ఉంది, చెప్పుతో గీస్తే దుమ్ము లేచింది. మా మరిది మోటారు గది ముందు కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా సరిగ్గా తిన్నట్టు లేడు.

"వదిన సంచి తెచ్చింది. ఇంక తోటకు పరీక్షలే" అన్నాడు.

"ఆ ప్లాస్టిక్ డ్రమ్ము ఖాళీయేనా?"

"ఏందికి?"

"బోరు కొలుస్తాను."

"కొలిచేదానికి ఏముంది వదినా. పక్క తోటలో రెండు పోయినాయి. రోడ్డు అవతల ఒకటి పోయింది. మాది ఒక్కటే నిలబడతదా? సగం చెట్లు తీసేస్తే, ఉన్న నీళ్ళు మిగతా సగానికన్నా వస్తాయి."

చుట్టూ బోర్లు ఒకటొకటిగా పోతున్న ఊళ్ళో తన బోరును కొలవడానికి మనిషి భయపడతాడు. అది నాకు అర్థమైంది. నా బోరు కాదు కాబట్టి నాకా భయం లేదు. పెద్ద పైపు ఊడదీయించి డ్రమ్ములో పెట్టించాను. రెండు వందల లీటర్ల డ్రమ్ము. సెల్‌ఫోన్‌లో సెకన్లు చూశాను. అరవై తొమ్మిది. మళ్ళీ పట్టాం, డెబ్బై. మూడోసారి అరవై తొమ్మిది. నీళ్ళు వృథా పోకుండా చెల్లెలు ప్రతిసారీ డ్రమ్మును దగ్గరి చెట్ల పాదుల్లోకి వంచింది.

పాత పుస్తకం తీశాను. అంతకు ముందు దసరాకు వచ్చినప్పుడు ఇదే డ్రమ్ము పట్టి రాసుకున్నాను. అరవై ఎనిమిది సెకన్లు. ఆ అంకె ఆయనకు చూపించాను.

"దసరాకు, ఇప్పటికి ఒక్క సెకను తేడా. నీ బోరు పోలేదు."

ఆయన ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. "మరి చివరికి నీళ్ళెందుకు పోవు?"

"అది వేరే ప్రశ్న. దాని దగ్గరికి ఇంకా రాలేదు."

చెల్లెలూ నేనూ చెరో పది వరుసలు పంచుకుని డ్రిప్పర్లు లెక్కపెట్టాం. డ్రిప్పరంటే చెట్టు మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే ప్లాస్టిక్ బిళ్ళ. చెట్టుకు రెండు చొప్పున, ఎండిన చెట్లవి తీసేస్తే ఏడు వందల అరవై రెండు. అందులో నీళ్ళు కారుతున్నవి మూడు వందల నలభై ఒకటి. కారని దాన్ని ఒకటి ఊడదీసి విప్పితే లోపల తెల్లటి పెచ్చు.

నాకు అనుమానమే కలగలేదు. ఇక్కడి బోరు నీళ్ళు కాచిన ఏ గిన్నె అడుగు చూసినా ఉండేది ఆ తెలుపే, సున్నం జాతిది. నిమ్మకాయ కోయించి పిండాను. బుసబుసమని బుడగలు వచ్చాయి.

"చూశావా. సున్నం. పైపుల్లోకి యాసిడ్ పెడితే కరిగిపోతుంది" అన్నాను.

"రెండుసార్లు పెట్టినా వదినా. ఫిబ్రవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి. దుకాణమాయన చెప్పినట్టే పెట్టినా. పోతే నేనెందుకు ఇట్ల కూర్చుంటా?"

డ్రిప్పర్‌లోకి మళ్ళీ చూశాను. బుడగలు ఆగిపోయాయి. పెచ్చులో కొంత పోయింది, ఎక్కువ భాగం అలాగే ఉంది. గదిలో మిగిలిన యాసిడ్ ఒక చుక్క వేయించాను. దానికీ ఏమీ కాలేదు. వేలితో నలిపితే మెత్తగా లేదు. సన్న సూదుల్లా ఎండలో మెరిసింది.

"కరగలేదే" అంది చెల్లెలు.

"కరగలేదు. నేను చెప్పింది సగమే సరి" అన్నాను.

"వదిన తప్పు చెప్పింది. రాసుకో వదినా, తారీఖు వేసుకో" అన్నాడు మరిది. ఆ రోజు ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే. నేను నిజంగానే రాసుకున్నాను.

రాసుకోవడానికి పుస్తకం తీసినప్పుడు చేతికి పాతదే వచ్చింది, దసరా పేజీ దగ్గరే తెరుచుకుంది. పొద్దున నాకు కావలసిన అంకె ఒక్కటే చూశాను. దాని కింద ఇంకొక వాక్యం ఉంది, నా రాతే: "ఎరువు డ్రమ్ము పాలలా తెల్లగా ఉంది." అంతే. దేని వల్ల అని లేదు. పేరు చెప్పలేదని పిల్లలకు మార్కులు కోసిన మనిషిని, ఆ రోజు ఆ తెలుపు పేరు అడక్కుండా బస్సెక్కాను.

"ఎరువు డ్రమ్ములో ఏమేం కలుపుతావు?" అన్నాను.

"క్యాల్షియం నైట్రేట్, తెల్ల పొటాష్."

"రెండూ ఒకేసారి?"

"ఒకేసారే. ఒక మనిషి రోజు కూలి మిగులుతది గదా. కట్టెతో బాగా తిప్పాల. పాలలాగా రావాల. తెల్లగా రాకుంటే మందు కలవనట్టు లెక్క. ఈ చుట్టుపక్కల అందరం అట్లనే చూసుకుంటాం. గిద్దలూరు దాకా ఎవురినన్నా అడుగు."

"మధ్యలో ఫిల్టర్ జాలీ ఉండాలే?"

"వారానికోసారి దుమ్ము పట్టి మూసుకపోతుంటే తీసి పక్కన పెట్టినా."

జాలీ గోడ మూల దొరికింది. దాని నిండా కూడా అదే తెలుపు గడ్డకట్టి ఉంది. అది ఏడాదిగా ఒకటే మాట చెబుతుంటే విసుగొచ్చి తీసేశారు.

రెండు గాజు గ్లాసులు తెప్పించాను. డబ్బా నీళ్ళలో, అంటే ఊళ్ళో ప్లాంటు నుంచి తాగడానికి తెచ్చుకునే తీపి నీళ్ళలో, ఒక గ్లాసులో క్యాల్షియం నైట్రేట్, ఒక గ్లాసులో తెల్ల పొటాష్ చిక్కగా కలిపాను. రెండూ తేరుకునే దాకా ఆగాను. అవతల ఉన్న చెయ్యి కనపడేంత తేట. తర్వాత ఒకదాన్ని రెండోదాంట్లో పోశాను. ఒక క్షణం ఏమీ లేదు. ఆ వెంటనే గ్లాసంతా తెలుపు.

"పాలు" అంది చెల్లెలు.

"బలం" అన్నాడు మరిది, ఇంకా వదలకుండా.

"కదపకుండా పెట్టు" అన్నాను. అన్నం తిని వచ్చేసరికి పైన నీళ్ళు తేటబడి, అడుగున రెండు వేళ్ళ మందం తెల్లటి పొడి దిగి ఉంది. "దీని పేరు జిప్సం. వేరుశనగకు బస్తాలు బస్తాలు చల్లుతారే, అదే. క్యాల్షియంలో ఒక ముక్క, పొటాష్‌లో సల్ఫేటు అనే ఒక ముక్క కలిసి ఇది తయారవుతుంది. నువ్వు చెట్టుకు పెట్టాలనుకున్న క్యాల్షియం చాలా భాగం పైపులోనే కూర్చుంది."

ఆయన గ్లాసు పైకెత్తి అడుగు చూశాడు. మాట మారింది. "జిప్సం నేలలో కరుగుతది గదా. రోజూ బోరు నీళ్ళు పోతనే ఉన్నాయి, పైపులో ఎందుకు కరగదు?"

నేను ఇన్నేళ్ళలో విన్న మంచి ప్రశ్నల్లో అదొకటి. "మార్కాపురం బస్సు మీ స్టాపుకు వచ్చేసరికే కిక్కిరిసి ఉంటే నిన్ను ఎక్కించుకుంటుందా?"

"ఎక్కించుకోదు."

"జిప్సం కొంచెమే కరిగే ఉప్పు. లీటరు మంచి నీళ్ళు రెండు గ్రాములు మోస్తే గొప్ప. నీ బోరు నీళ్ళు కొండ రాళ్ళ మధ్య నుంచి ఆ రెండు ముక్కల్నీ ముందే నింపుకుని వస్తున్నాయి. వాటిలో చోటు లేదు. ఖాళీ బస్సు కావాలి."

నా మాట నమ్మమనలేదు. ఒకసారి తప్పు చెప్పి ఉన్నాను కదా. పెచ్చు గీకి, పొడి చేసి, గోటి మీద పట్టేంత రెండు సమభాగాలు చేశాను. ఒకటి బోరు నీళ్ళ గ్లాసులో, ఒకటి డబ్బా నీళ్ళ గ్లాసులో. పావుగంటకోసారి చెల్లెలు రెంటినీ తిప్పింది. సాయంత్రం టీ పెట్టే వేళకు డబ్బా నీళ్ళ గ్లాసు అడుగు శుభ్రంగా ఉంది. బోరు నీళ్ళ గ్లాసులో పొడి వేసినట్టే ఉంది.

"అయితే డబ్బా నీళ్ళతో కడగాల" అంది చెల్లెలు. "ఎన్ని డబ్బాలు అక్కా?"

మోటారు గది ముందు మా ఊరి పలకరాయి బండ ఒకటి అరుగులా పరిచి ఉంటుంది. సుద్దముక్కతో దాని మీద లెక్క వేశాను, ఇద్దరూ చూసేలా. పది డ్రిప్పర్లు గీకి తూచితే మూడు గ్రాములు. ఏడు వందల అరవై రెంటికి పావు కిలో లోపే. వరుస చివర ఎండిన చెట్టు దగ్గర పది అడుగుల సన్న పైపు కోసి గీకితే ఏడు గ్రాములు. వరుస మొదట్లో దాదాపు ఏమీ లేదు. కాబట్టి పది అడుగులకు సగటున మూడున్నర. మొత్తం పైపు ఎనిమిది వేల అడుగులు. రెండు కిలోల ఎనిమిది వందలు. డ్రిప్పర్లతో కలిపి మూడు కిలోలు. పైపులన్నీ ఒకసారి నిండడానికి నాలుగు వందల లీటర్లు పడతాయి. ఒక నింపు ఎనిమిది వందల గ్రాములకు మించి మోయదు. అంటే నాలుగు నింపులు. పైపు లోపల తిప్పే చెంచా లేదు, నెమ్మదిగా కరుగుతుంది, కాబట్టి రెట్టింపు వేసుకున్నాను. ఎనిమిది నింపులు, మూడు వేల రెండు వందల లీటర్లు.

"ఇరవై లీటర్లవి నూట అరవై డబ్బాలు" అన్నాను.

"ఆటో మాట్లాడమంటావా, లారీనా?" అన్నాడు మరిది.

చెల్లెలు నవ్వలేదు. తోట ఎగువన ప్లాస్టిక్ పట్టా పరిచిన నీటి కుంట వైపు చూస్తోంది. వానాకాలంలో కొండ మీద నుంచి దిగిన నీళ్ళు అందులో పట్టి పెట్టుకుంటారు. ఏప్రిల్‌కు అడుగంటి ఉంటాయి. అవి ఆమె నాలుగు బర్రెల నీళ్ళు. బోరు నీళ్ళకు అవి మూతి పెట్టవు. పెట్టిన రోజు పాలు తగ్గుతాయి.

కర్ర ముంచి కొలిచాను. పదమూడు వేల అయిదు వందల లీటర్లు. బర్రెలు రోజుకు రెండు వందల నలభై తాగుతాయి, ఎండ కూడా ఇంచుమించు అంతే తాగుతుంది. ఇరవై ఎనిమిది రోజులకు వస్తాయి. మూడు వేల రెండు వందలు తీస్తే ఇరవై ఒకటి.

"ఏడు రోజులు పోతాయి" అన్నాను.

మరిది అడ్డుపడ్డాడు. "తీసేటట్టయితే నేరుగా చెట్ల మొదట్లో పోద్దాం. పైపులు కడిగేది ఏంది, ఎండాకాలంలో? ఊళ్ళో వాళ్ళు నవ్వుతారు."

"కింది సగంలో దగ్గర దగ్గర రెండు వందల చెట్లు. చెట్టుకు పదహారు లీటర్లు. ఒక పూట తాగుతాయి. మర్నాడు?"

ఇద్దరం చెల్లెలి వైపు తిరిగాం. కుంట ఆమెది, బర్రెలు ఆమెవి. సోమవారం పోయేది ఆమె చేత్తో నాటిన చెట్లు. ఆమె రెండు గ్లాసుల్నీ మళ్ళీ ఒకసారి వెలుతురుకు పట్టి చూసింది.

"బర్రెలకు తర్వాత నేను చూసుకుంటా. జాలీ కడిగి బిగించు" అంది మొగుడితో.

శనివారం పొద్దున ఆరుకు మొదలుపెట్టాం. పక్క తోట నుంచి ఆయిల్ ఇంజన్ తెచ్చి కుంట నీళ్ళు పెద్ద పైపులోకి పెట్టాడు. వరుసల చివర బిరడాలు విప్పి, నీళ్ళు చివరి చెట్టు పాదులోకే పోయేలా చిన్న కాలవలు చేశాం. జిప్సం నేలకు చేటు చెయ్యదు, నీళ్ళూ వృథా కావు. మొదటి నింపు బయటికి వచ్చినప్పుడు మజ్జిగలా ఉంది. పెచ్చులు కూడా కొట్టుకొచ్చాయి. బిరడాలు బిగించి, నింపి, మూడు గంటలు ఆగడం. మళ్ళీ వదలడం. ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు. ఆదివారం అదే వరస. ప్రతి నింపుకూ బండ మీద ఒక గీత గీశాను. నడుమ వేళల్లో ముగ్గురం మూసుకుపోయిన డ్రిప్పర్లు ఊడదీసి, తీపి నీళ్ళ బకెట్లో వేసి, ఒక్కొక్కటే చేత్తో నలిపాం.

"కట్నం ఇవ్వకున్నా మంచి కూలిమనిషిని పంపినారు మీ పుట్టింటోళ్ళు" అన్నాడు మరిది చెల్లెలితో, నన్ను చూపించి.

"ఆమెకు కూలి పెంచాల. నీకన్నా వంద డ్రిప్పర్లు ఎక్కువ కడిగింది" అంది చెల్లెలు.

నూట పన్నెండు ఎక్కువ. సరిచేశాను.

ఎనిమిదో నింపు వదిలినప్పుడు వచ్చిన నీళ్ళు కుంటలో ఉన్నట్టే ఉన్నాయి. బోరు కలిపి మోటారు వేశారు. చెల్లెలూ నేనూ మళ్ళీ లెక్కకు బయలుదేరాం. ఆరు వందల యాభై అయిదు కారుతున్నాయి. మిగిలిన నూట ఏడు ఎంత నలిపినా కదల్లేదు, వాటికి కొత్తవి వేయాలి. ఇరవయ్యో వరుస చివరి చెట్టు దగ్గర చెల్లెలు నేల మీద కూర్చుని రెండు డ్రిప్పర్ల కిందా రెండు చేతులూ పెట్టింది. నేను పుస్తకం మూసి పక్కన నిలబడ్డాను.

సోమవారం ఎనిమిదింటికి ట్రాక్టరు వచ్చింది. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన కట్టెల వ్యాపారి, నలుగురు కూలీలు, కోత మిషను.

"అన్నా, ఫోన్లో రెండు వందల చెట్లన్నావు" అన్నాడు, ముగ్గు పిండితో గుర్తు పెట్టిన వాటిని చూసి.

"పందొమ్మిదే. ఎండినవి మాత్రమే" అన్నాడు మరిది. "మా వదిన కొలిచింది."

"కొలిస్తే తగ్గినాయా?"

"పచ్చివాటికి మిషను తగిలితే ట్రాక్టరు ఇక్కడే ఉంటది" అంది చెల్లెలు. గొంతు పెంచలేదు. వ్యాపారి నావైపు చూసి, "మీరేం లెక్కలు వేసినారో గాని పెద్దమ్మా, నా డీజిలు దండగ" అన్నాడు. టీ తాగాడు. కూలీలు గుర్తు పెట్టిన చెట్ల దగ్గరికి పోయారు. అప్పటికే మోటారు గది గోడ మీద మరిది రాసి ఉన్నాడు, క్యాల్షియం మంగళవారం, పొటాష్ శుక్రవారం, మధ్యలో ఉత్త నీళ్ళు. ఆ రాత కింద నేను పెట్టిన గ్లాసు ఉంది, అడుగున తెలుపుతో.

వ్యాపారి టీ గ్లాసు కింద పెట్టి తోటలోకి నాలుగడుగులు వేశాడు. చివరి చెట్ల కింద తడి చూశాడు. ఎండాకాలం తడి కనపడితే ఇక్కడ ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగాడు.

"బోరు ఎన్ని అడుగులన్నా?"

మరిది నావైపు చూడలేదు.

"అడుగులు అడిగేది ఏంది? రెండు వందల లీటర్లకు అరవై తొమ్మిది సెకన్లు" అన్నాడు.